నలభై ఒక్క చెంచాలు

పెద్ద హోటల్‌కి మళ్లీ మంచి రోజులొచ్చాయని ఊరంతా సంబరపడుతుంటే నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. దానికి కారణం ఒక కాగితం. దాన్ని మా ఇంటికి తెచ్చింది ఇంజినీరమ్మ. పాపం, ఆమె తప్పేమీ లేదు.

నగరం నడిబొడ్డున, నాలుగు వీధులు కలిసే చోట ఉంటుంది ఆ హోటల్. మూడంతస్తుల భవనం. పద్దెనిమిదేళ్లు మూతపడి ఉంది. కిటికీలకి చెక్కలు కొట్టేశారు, గోడల పగుళ్లలో పిచ్చిమొక్కలు మొలిచాయి, మేడమెట్ల మీద పావురాలు పిల్లాపాపలతో కాపురం పెట్టాయి. పడగొట్టి కొత్తది కట్టుకోమని పదిమందీ చెప్పినా పాత యజమాని మనవడు వినలేదట. రెండేళ్లుగా సున్నం గీకించి, పాత గచ్చు కడిగించి, విరిగిన చెక్కకి అదే రకం చెక్క వెతికించి అతుకు వేయిస్తున్నాడు. ఆ ఒక్క విషయంలో ఆ కుర్రాడంటే నాకు గౌరవమే.

పని చూసే ఇంజినీరు ముప్ఫై ఏళ్ల పిల్ల. సున్నం మరక లేని చొక్కా ఆమెకి ఒక్కటి కూడా ఉన్నట్టు లేదు. పాత వంటగది ఎలా ఉండేదో చెప్పగలిగినవాణ్ణి ఊళ్లో నేనొక్కణ్ణే మిగిలానని ఎవరో చెబితే వెతుక్కుంటూ వచ్చింది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఆ పొయ్యిల ముందు నిలబడినవాణ్ణి. ఏ పొయ్యి ఎక్కడుండేదో, పొగగొట్టం ఎటు వంగేదో, హాల్లోకి గిన్నెలు అందించే కిటికీ ఎంత ఎత్తులో ఉండేదో కళ్లు మూసుకుని చెప్పాను. ఆమె గీసుకుంది. నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

అప్పుడు ఆ కాగితం తీసింది.

"హోటల్లో పనిచేసిన వాళ్లందరి పేర్లూ ఒక రాతి పలక మీద చెక్కించి మేడమెట్ల పక్కన పెడుతున్నాం తాతగారూ. సోమవారం చెక్కడం మొదలవుతుంది. ఒకసారి చూడండి, తప్పులేమైనా ఉన్నాయేమో."

రెండువందల ఆరు పేర్లు. అన్నిటికంటే పైన మేనేజరు పేరు. వడ్డించినవాళ్లు, గదులు తుడిచినవాళ్లు, తోటమాలి, చివరికి వారానికొకసారి వచ్చి గోడగడియారానికి కీ ఇచ్చి వెళ్లే ముసలాయన పేరు కూడా ఉంది. నా పేరు పద్నాలుగో వరసలో ఉంది. దాని చుట్టుపక్కల వెతికాను. పైనుంచి కిందికి వెతికాను. కిందినుంచి పైకి వెతికాను. మా ఆవిడ పేరు లేదు.

"ఇదే మొత్తమా?" అన్నాను.

"పాత రిజిస్టర్లు చూసి రాశాం. ఒక్క పేరు మాత్రం ఓనరుగారు వద్దన్నారు. వెండి గది చూసే ఆవిడ ఎవరో ఉండేదట. నలభై ఒక్క వెండి చెంచాలు కాజేసిందని పనిలోంచి తీసేశారట. ఫైల్లో ఉంది. ఆవిడ గురించి మీకేమైనా తెలుసా?"

సరిగ్గా అప్పుడే మా ఆవిడ కాఫీ తెచ్చింది. గుమ్మంలోంచి అంతా వినే ఉంటుంది, ఆమె చెవులు పాము చెవులు. కప్పు ఇంజినీరమ్మ చేతికిచ్చి, చేతులు తుడుచుకుంటూ అంది:

"ఆవిడ నేనేనమ్మా. పంచదార సరిపోయిందో లేదో చూడు."

ఆ పిల్ల కాఫీ తాగాలో వద్దో, లేవాలో కూర్చోవాలో తెలియక కాసేపు అవస్థ పడింది. చివరికి "సరిపోయింది మామ్మగారూ" అంది. వెళ్లేముందు చెప్పింది, ఆదివారం హోటల్ భోజనాల హాల్లో జ్ఞాపకాల రోజు పెడుతున్నామని. ఊళ్లో ఎవరి దగ్గర హోటల్‌కి సంబంధించింది ఏదున్నా తెమ్మని ప్రకటన ఇచ్చారట. ఫొటోలు, ఉత్తరాలు, ఏదైనా సరే. వచ్చినవాళ్ల మాటలు రికార్డు చేస్తారట. మీరిద్దరూ రావాలని బతిమాలింది.

"ఆయన వస్తాడు" అంది మా ఆవిడ. "నాకు ఆ వీధి పడదు."

పడకపోవడమంటే అలా ఇలా కాదు. మా ఇంటి నుంచి కూరగాయల బజారుకి హోటల్ ముందునుంచి వెళ్తే అయిదు నిమిషాలు. ముప్ఫై నాలుగేళ్లుగా ఆమె ఎడమకి తిరిగి, చుట్టూ తిరిగి, ఇరవై నిమిషాలు నడిచి వెళ్తోంది. వానలోనైనా, మోకాళ్ల నొప్పులతోనైనా అదే దారి.

అసలు జరిగింది చెప్పాలి. ఆ హోటల్లో పన్నెండు బల్లలు. బల్లకి పది చొప్పున నూట ఇరవై వెండి చెంచాలు. అవి మా ఆవిడ చేతికింద ఉండేవి. ఆమెది నిప్పులాంటి చెయ్యి. భోజనాలయ్యాక చెంచాలు కడిగి, తుడిచి, మెత్తటి గుడ్డ పరిచిన సొరుగుల్లో వరసగా పడుకోబెట్టేది. ఒక్కొక్కటి తగ్గడం మొదలైంది. ఏ బల్ల దగ్గర తగ్గుతున్నాయో తెలిస్తే వడ్డించేవాణ్ణి హెచ్చరించవచ్చని, తనే ఆకురాయి తెచ్చుకుని ప్రతి చెంచా కాడ అడుగున చిన్న గాట్లు పెట్టింది. నిలువు గాటుకి లెక్క ఒకటి, అడ్డ గాటుకి అయిదు. అడ్డం ఒకటి, నిలువు రెండూ ఉంటే ఏడో బల్ల. ఎవరూ అడగలేదు, ఎవరూ జీతం పెంచలేదు, తన పని కాబట్టి చేసుకుంది.

ఎక్కడెక్కడ తగ్గాయో నెలనెలా మేనేజరుకి చెప్పేది. "అతిథుల్ని అడుగుతామా ఏంటి, వదిలెయ్" అనేవాడు. తీరా ఒకరోజు పాత యజమాని వచ్చి వెండి సామాను చూపించమంటే నలభై ఒకటి తగ్గాయి. మేనేజరు ఒక చెంచా తిరగేసి ఆ గాట్లు చూపించాడు. "చూశారా, దొంగ తన వాటాకి గుర్తులు పెట్టుకుంది" అన్నాడు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టిందని అందరి ముందూ అరిచాడు.

నన్ను వంటగదిలోంచి పిలిపించారు. వెండి గది గుమ్మంలో నిలబెట్టి యజమాని అడిగాడు: "ఇది నీ భార్య చేసిందా లేదా? నీకు తెలిసే ఉంటుంది కదా?"

ఆమె నావైపు చూసింది. మేనేజరు కూడా చూశాడు. ఇంట్లో ఇద్దరు చిన్నపిల్లలు. నేను "నాకు తెలీదండీ" అన్నాను.

ఆమె తీయలేదని తెలుసు. దేవుడు దిగివచ్చి చెప్పక్కర్లేదు, నాకు తెలుసు. అయినా ఆ మాటే వచ్చింది. ఆమె ఆ సాయంత్రమే తాళాలు అప్పగించి బయటికి నడిచింది. ఇంటికొచ్చాక "నువ్వు ఉద్యోగం మానకు, ఇద్దరం మానితే పిల్లలేం తింటారు" అని మాత్రం అంది. నేను ఇంకా పదహారేళ్లు అదే పొయ్యి ముందు, అదే మేనేజరుకి వండి పెట్టాను. నా "తెలీదండీ" గురించి ఆమె ఎప్పుడూ ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఇంట్లో మూడో మనిషిలా ఉండిపోయింది.

ఇంజినీరమ్మ వెళ్లాక నేను చెప్పులు వేసుకున్నాను. "ఎక్కడికి?" అంది.

"ఆ కుర్ర ఓనరు దగ్గరికి. నువ్వు తియ్యలేదని ముఖాన చెప్పొస్తా."

"అలాగా? అప్పుడు అడిగితే తెలీదన్నావు కదా. ఇప్పుడెలా తెలిసిందంటే ఏం చెబుతావు?"

ముప్ఫై నాలుగేళ్లలో ఆమె ఆ మాట ఎత్తడం అదే మొదటిసారి. గొంతు కూడా పెంచలేదు. కాఫీ కప్పులు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది. నేను చెప్పులు విడిచాను.

ఆదివారం ఒక్కణ్ణే వెళ్లాను. హాల్లో అడుగుపెట్టి ముందు పైకి చూశాను. పై కప్పు మీద సున్నపు పువ్వులు మళ్లీ పూశాయి. కిటికీల రంగు అద్దాలు సగం బిగించారు, మిగతా సగం బిగిస్తున్నారు. చెక్క నేలకి రుద్దిన నూనె వాసన గుప్పుమంటోంది. పాత బల్లలు పన్నెండూ వాటి చోట్లలోనే వేశారు. ఎవరు చెప్పారమ్మా అని అడిగితే, నేల మీద బల్లకాళ్ల గుర్తులు చూసి వేశామంది ఇంజినీరమ్మ. ఆ పిల్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

జనం బారులు తీరారు. ఒక బస్సు డ్రైవరు, ఈ హోటల్ గుమ్మం దగ్గర కుళాయి నీళ్లు తాగే పదేళ్లు బండి నడిపానని చెప్పాడు. ఫొటోలు వచ్చాయి, విందు పిలుపు కార్డులు వచ్చాయి. ఆ తర్వాత ఒక రిటైరైన టీచరమ్మ ముఖమల్ పెట్టె తెరిచింది. లోపల వెండి చెంచా.

"మా పెళ్లయిన ఏడాదికి ఇక్కడే భోంచేశాం. గుర్తుగా మా ఆయన తీసుకొచ్చారు" అంది. బజారునుంచి వంకాయలు తెచ్చారన్నంత మామూలుగా అంది.

ఆమె వెనక పళ్ల డాక్టరుగారి భార్య. ఆమె దగ్గర రెండున్నాయి. ఆమె వెనక ఒక షావుకారు. "మా నాన్నగారి జ్ఞాపకం" అంటూ పట్టుగుడ్డలోంచి తీశాడు. ఎవరి ముఖంలోనూ రవ్వంత తప్పు చేసిన జాడ లేదు. హోటల్‌కి సంబంధించింది ఏదున్నా తెమ్మన్నారు, తెచ్చారు. పదకొండు కొట్టేసరికి బల్ల మీద తొమ్మిది చెంచాలు. అంతా శ్రీవైష్ణవులే, బుట్టెడు రొయ్యలు మాయమంటే ఇదే మరి. ఊళ్లో పెద్దమనుషులందరూ ఒక్కొక్కటి పట్టుకెళ్తే, దొంగ అనిపించుకున్నది మా ఆవిడ ఒక్కతే.

నేను ఒక చెంచా తిరగేశాను. అడ్డం ఒకటి, నిలువు రెండు. నోటికొచ్చినట్టు తిడదామని గుక్క తిప్పుకున్నాను కూడా. కానీ ఆ గాట్లు చదవాల్సింది నేను కాదు. పెట్టిన మనిషి వేరే ఉంది. డెబ్భై రెండేళ్ల వయసులో ఇంటికి దాదాపు పరుగెత్తాను.

ఆమె దుప్పట్లు మడత పెడుతోంది. "నీ చెంచాలు వచ్చాయే" అన్నాను ఆయాసపడుతూ.

"ఏ చెంచాలు?"

"నలభై ఒకటిలో తొమ్మిది. ఇంకా వస్తున్నాయి. పట్టుకెళ్లినవాళ్లే, ముఖమల్ పెట్టెల్లో పెట్టి మరీ తెస్తున్నారు!"

చేతిలో దుప్పటి అలాగే పట్టుకుని నిలబడింది. తర్వాత దాన్ని సగం మడతలోనే కుర్చీ మీద వేసింది. ఆమె అలా వదిలేయడం పెళ్లయ్యాక నేనెప్పుడూ చూడలేదు. జుట్టు సరిచేసుకుంది, కళ్లజోడు తీసుకుంది. వీధి చివర, ఎడమకి తిరగాల్సిన చోట, ఒక్క క్షణం ఆగింది. "ఏమయ్యా, నడువు. అక్కడ వాళ్లు మళ్లీ పట్టుకెళ్లిపోతారు" అని తిన్నగా నడిచింది.

హాల్లోకి వచ్చి పైకి చూసింది. "తూర్పు మూల పువ్వు ఇంకా ఊడే ఉందే" అంది. "అచ్చు పోస్తున్నాం మామ్మగారూ, ఈ వారమే పెడతాం" అంటూ ఇంజినీరమ్మ కుర్చీ లాగింది. మా ఆవిడ కూర్చుని, ఒక చెంచా తిరగేసి, కాడ మీద వేలు పోనిచ్చింది.

"ఏడో బల్ల. కిటికీ పక్కది. ఇది తెచ్చిందెవరు?"

పళ్ల డాక్టరుగారి భార్య ముందుకొచ్చింది.

"ఆదివారం మధ్యాహ్నాలు ఒక పెద్దాయన కూర్చునేవారు, చేతికర్ర ఉండేది. సూపు చల్లారిందని రెండేసిసార్లు వెనక్కి పంపేవారు."

"అవునండీ! మా మామగారే! అచ్చం ఆయనే!" ఆమెకి ఆనందం పట్టలేదు. "మీకెలా తెలుసు?"

"ఆ బల్ల చెంచాలకి ఈ గాట్లు నేనే పెట్టాను. ఏ బల్ల దగ్గర పోతున్నాయో తెలుసుకుందామని. ఆ సూపు వేడిచేసింది ఈయన. మీ మామగారిని తిట్టుకున్నదీ ఈయనే."

జనం నవ్వారు. ఆమె ఇంకో చెంచా తీసింది. పదో బల్ల, మెట్లకింద, ఎవరూ చూడని చోటని కొత్తగా పెళ్లయినవాళ్లు కోరి కూర్చునేది. టీచరమ్మ ముఖం ఎర్రబడింది, అక్కడే కూర్చున్నామంది. రెండో బల్ల. షావుకారుగారి నాన్న రెండు చేతులతో తినేవాడట. ఒక్కొక్కరూ నోరు తెరవకముందే ఎక్కడ కూర్చున్నారో ఆమె చెప్పేస్తుంటే, హాలంతా బల్ల చుట్టూ మూగింది. కుర్ర ఓనరు కూడా వచ్చి నిలబడ్డాడు. ఆమె ఎవరో ఇంజినీరమ్మ అతని చెవిలో చెప్పినట్టుంది. అతని చేతులు కట్టుకున్నవి కట్టుకున్నట్టే ఉన్నాయి.

అప్పటికి కొందరికి విషయం అర్థమైంది. తెచ్చిన చెంచాలు మెల్లగా సంచుల్లోకి, జేబుల్లోకి దిగడం మొదలైంది. వెనక వరసలో ఒక ముసలి లాయరుగారు కోటు జేబు సర్దుకుంటున్నారు. మా ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

"జేబులో పెట్టుకోకండి బాబూ. రెండోసారి అవుతుంది."

హాలు ఒక్కసారిగా ఘొల్లుమంది. లాయరుగారు దొంగకి తేలు కుట్టినట్టు కిక్కురుమనకుండా వచ్చి బల్ల మీద పెట్టారు. ఆమె తిరగేసింది. మూడు నిలువు గాట్లు.

"మూడో బల్ల. మేనేజరుగారు తన సొంత అతిథుల్ని కూర్చోబెట్టే బల్ల. దీని చెంచాలే అన్నిటికంటే ఎక్కువ పోయాయి. పదికి ఎనిమిది."

లాయరుగారు గొంతు సవరించుకున్నారు. జీవితమంతా కోర్టులో ఇతరుల తరఫున మాట్లాడిన మనిషి, మొదటిసారి తన తరఫున మాట్లాడుతున్నట్టు తడబడ్డారు.

"నేను తియ్యలేదమ్మా. మేనేజరే కోటు జేబులో పెట్టాడు. 'ఉంచుకోండి సార్, మా వెండి గదిలో ఎవరూ అడగరు' అన్నాడు. ఆ బల్ల దగ్గర కూర్చున్న ప్రతివాడికీ ఒకటి ఇచ్చేవాడు. అప్పట్లో అదో గొప్పగా ఉండేది."

నవ్వులు ఆగిపోయాయి. మా ఆవిడ ఆ చెంచాని తొమ్మిదింటి పక్కన పెట్టి, అంచు సరిగా ఉందో లేదో చూసి, వేలితో జరిపింది. అంతే. ఏడవలేదు, కేకలు వేయలేదు. నాకే కళ్లు మసకబారాయి.

కుర్ర ఓనరు కట్టుకున్న చేతులు విప్పి ముందుకొచ్చాడు. "అమ్మా, మా తాతయ్య తప్పు చేశాడు. ఫైల్లో రాసింది చూసి నేనూ తప్పు చేశాను. మీ పేరు పలక మీద ఉంటుంది. ఆ మేనేజరు పేరు తీయించేస్తాను" అన్నాడు.

"తీయించకు నాయనా. ఆయనా ఇక్కడ పనిచేశాడు. నా పేరు మాత్రం ఆయన పేరు పక్కన చెక్కించు. కింద కాదు, పక్కన. వచ్చేపోయేవాళ్లు ఇద్దరినీ కలిపి చదవాలి."

ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. ఆ తర్వాత జరిగింది చూడాలి! ఇళ్లకి పరుగెత్తినవాళ్లు కొందరు, ఫోన్లు చేసి తెప్పించినవాళ్లు కొందరు. "మా అత్తగారి అలమరాలో ఒకటుంది", "మా తోడల్లుడి ఇంట్లో చూశాను" అంటూ ఒకరి గుట్టు ఒకరు రట్టు చేసుకున్నారు. మధ్యాహ్నం మూడింటికి బల్ల మీద ఇరవై తొమ్మిది చెంచాలు. మిగతావాళ్లకి సిగ్గు విడవడానికి ఇంకో వారం పడుతుందిలే అంది మా ఆవిడ. పన్నెండో బల్లవి రెండు మాత్రం వెతకొద్దంది. ఆ దంపతులు ఎప్పుడో ఊరు వదిలి వెళ్లారట. వడ్డించినవాళ్లతో ఎంతో మర్యాదగా మాట్లాడేవాళ్లట.

నేను ఒక మూల నిలబడి ఇదంతా చూస్తున్నాను. ఆమె గెలిచింది. నా సాయం లేకుండా గెలిచింది. ఊరు సాక్ష్యం చెప్పింది, లాయరు సాక్ష్యం చెప్పాడు, వెండి సాక్ష్యం చెప్పింది. చెప్పనివాణ్ణి నేనొక్కణ్ణే. ఆమె పేరు ఇక చెక్కేస్తారు, నేను నోరు విప్పినా విప్పకపోయినా అది మారదు. అందుకే నోరు మూసుకుని ఇంటికి వెళ్లిపోవడం ఎంత సులువో నాకు బాగా తెలిసింది.

ఇంజినీరమ్మ మైకు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. "ఇక మీ వంతు తాతగారూ. వంటగది గురించి చెప్పండి."

మూడు రోజులుగా తయారుచేసుకున్న ఉపన్యాసం ఉంది నా దగ్గర. పొయ్యిల గురించి, పొగగొట్టం గురించి. మైకు తీసుకుని ముందుకి నడిచాను. ఎదురుగా రెండువందల మంది ఉన్నారు. బల్ల దగ్గర మా ఆవిడ చెంచాలు గుడ్డతో తుడుస్తోంది, నావైపు చూడటం లేదు.

"నేను ముప్ఫై ఒక్క ఏళ్లు ఇక్కడ వంట చేశాను" అన్నాను. "అదిగో, ఆ గుమ్మంలో నన్ను నిలబెట్టి ఒక ప్రశ్న అడిగారు. నీ భార్య చెంచాలు తీసిందా లేదా అని. నేను తెలీదన్నాను. ఉద్యోగం పోతుందని భయపడ్డాను. అది అబద్ధం. నాకు తెలుసు..."

మిగతా మాట గాలిలా వచ్చింది.

ఆమె చెంచా కింద పెట్టింది. తలెత్తి నావైపు చూసింది.

"గట్టిగా చెప్పవయ్యా. వెనకవాళ్లకి వినపడటం లేదు."

మైకు బల్ల మీద పెట్టేశాను.

"నాకు తెలుసు!" అని అరిచాను. "ఆమె తియ్యలేదని నాకు ఆ రోజే తెలుసు! ఆమె ఒక్క చెంచా కూడా తియ్యలేదు! అబద్ధమాడింది నేను!"

కిటికీకి అద్దం బిగిస్తున్న పనివాడు నిచ్చెన మీదే వెనక్కి తిరిగి చూశాడు. మా ఆవిడ కళ్లజోడు తీసి, కళ్లు తుడుచుకుని, మళ్లీ పెట్టుకుంది.

"ఆఁ, ఇప్పుడు వినపడింది" అంది.